కుండ మూతి

రాయవరంలో మేము పనిచేసే బడిలో ఒకరోజు సూక్ష్మజీవుల పాఠం. సీసాలో గోరువెచ్చటి నీళ్లు, పంచదార, చెంచాడు ఈస్టు వేసి, మూతికి బెలూను తొడిగి బల్లమీద పెట్టాం. గంట గడిచేసరికి బెలూను లేచి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "మాస్టారండీ, మా తాత లొట్టి కూడా పొద్దున్నే ఇలాగే పొంగుద్దండి" అన్నాడు. తరగతి అంతా గొల్లుమంది. కల్లుగీత ఇంటి పిల్లవాడు వాడు. తల దించుకుని కూర్చున్నాడు.

ఆ నవ్వు మాకు కొత్త కాదు. మేము కొండరెడ్లం. మా ఊరు మారేడుమిల్లి పైన. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో జీలుగు కల్లు మాట ఎత్తితే ఇదే నవ్వు వినబడేది. 2022 ఏప్రిల్ దాకా మా కొండలూ ఈ రాయవరమూ ఒకే తూర్పుగోదావరి జిల్లా. అప్పుడు మావి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, ఇది కోనసీమ జిల్లాలోకి పోయాయి. జిల్లాలు వేరయ్యాయి గాని నవ్వు ఒకటే. ఆ రోజు ఆ పిల్లవాడి వైపు మేము గట్టిగా మాట్లాడలేకపోయాం. చెప్పవలసింది ఏమిటో తెలుసు, ఎలా చెప్పాలో తోచలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే. ఎవరినీ తాగమనడానికి రాయడం లేదు. తాగుడు మన గూడేల్లో ఎన్ని కొంపలు తీసిందో మాకూ తెలుసు. కాని పులియబెట్టే పాత్రను ఎంచడం, దాని మూతి కట్టడం అనేది ఒక విద్య. ఆ విద్యకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక ఫితూరీ కూడా ఉంది.

ముందు పాత్ర సంగతి.

మా వైపు కుమ్మరి ఇళ్లు లేవు. కుండ కావాలంటే సంతకు దిగాలి. అందుకని కుండ కన్నా ముందు మాకు దగ్గరైనవి వెదురూ, ఆనపకాయ బుర్రా. వెదురు గొట్టానికి కణుపే అడుగు. వేరే మాటు అక్కర్లేదు. ముదిరిన ఆనపకాయలో గింజలు తీసి, ఎండబెట్టి, పొయ్యి మీద పొగ పట్టిస్తే బుర్ర తయారు. తేలిక, చెట్టెక్కేవాడి నడుముకు బరువు కాదు, జారిపడినా కుండలా ముక్కలవదు. మూతి సన్నం కాబట్టి ఈగా దుమ్మూ తక్కువ పడతాయి. కాని బుర్రకు ఆయుష్షు తక్కువ. పురుగు తొలుస్తుంది, బీట వారుతుంది. చెట్టు నుంచి ఇంటికి తేవడానికి బుర్ర, ఇంట్లో నిలవ పెట్టడానికి కుండ. మా ఇంట్లో పని ఇలాగే పంచుకున్నాయి.

సంతలో కుండ కొనడం మా అవ్వ పని. తాతను దగ్గరికి రానిచ్చేది కాదు. కుండను ఎడమ చేతిలో పట్టి, కుడిచేతి వేలి కణుపుతో చుట్టూ నాలుగు చోట్ల కొట్టేది. ఖంగుమంటే తీసుకునేది. ఒక్క చోట మూగగా పలికినా దించేసేది. అక్కడ కంటికి కనపడని బీట ఉందన్నమాట. తర్వాత మూతిలో ముఖం పెట్టి సూర్యుడి వైపు తిప్పి చూసేది. కడుపు వెడల్పు, మెడ సన్నం, మూతి అంచు దళసరి, ఆ అంచు కింద తాడు నిలబడే గాడి. ఈ నాలుగూ ఉన్న కుండే పులియబెట్టడానికి పనికొస్తుంది. వెడల్పు మూతి కుండ వంటకు మంచిది. పులుపుకు కాదు. మూతి ఎంత పెద్దదైతే గాలి అంత తగులుతుంది.

ఇంటికి తెచ్చిన కుండను వెంటనే వాడేది కాదు. నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచేది. పొద్దున్నకు పైన చెమ్మ కనబడితే ఫరవాలేదు, చుక్క కారితే మటుకు ఆ కుండ కోళ్లకు. తర్వాత అందులో గంజి కాచేది. గంజిలోని పిండి మట్టి సందుల్లోకి దిగి వాటిని పూడుస్తుంది. చివరికి కుండను బోర్లించి కింద పచ్చి కొమ్మల పొగ పెట్టేది. పొగ బూజును చంపుతుంది. ఇన్ని చేశాక కుండ చుట్టకుదురు మీదికి ఎక్కేది.

ఒకసారి పులిసిన కుండను అవ్వ తోమి తోమి కడిగేది కాదు. అడుగున కాస్త మడ్డి ఉంచేది. ఆ మడ్డిలోనూ, కుండ గోడల సందుల్లోనూ ఈస్టు ఉంటుంది. అదే రేపటి తోడు. పెరుగు కుండకు తోడు ఎలాగో ఇదీ అలాగే. కాని ఆ కుండ ఒక్కసారి పుల్లబడి సిర్కా అయిపోయిందా, ఇక ఎన్ని నీళ్లతో కడిగినా దాన్ని కల్లుకు వాడనిచ్చేది కాదు. పుల్లబరిచే సూక్ష్మజీవి కూడా ఆ సందుల్లోనే కాపురం పెడుతుంది కదా. అవ్వకు సూక్ష్మజీవి పేరు తెలియదు. అది ఎక్కడ దాక్కుంటుందో తెలుసు. పులియడం జీవులు చేసే పని అని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1850ల చివర్లో రుజువు చేశాడు. అక్కడి సారా బట్టీల వాళ్లకు తొట్లు ఎందుకు పుల్లబడుతున్నాయన్న ప్రశ్న నుంచే ఆయన పరిశోధన ఊపందుకుంది. ఆ తొట్ల కష్టమూ, మా అవ్వ కుండ కష్టమూ ఒకటే.

ఇక మూతి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

పులిసేటప్పుడు చక్కెర సారాయంగానూ బొగ్గుపులుసు వాయువుగానూ విడిపోతుంది. వంద గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే పాతిక లీటర్లకు పైగా వాయువు వస్తుంది. పిల్లల చేత ఈ లెక్క చేయించండి, నోరు తెరుస్తారు. ఇంత వాయువు బయటికి పోవాలి. అదే సమయంలో బయటి గాలి లోపలికి రాకూడదు. గాలి తగిలితే సారాయం సిర్కా అవుతుంది. అంటే మూతి తెరిచి ఉంచినా చెడ్డదే, బిగించినా చెడ్డదే. లోపలి ఊపిరి బయటికి వదలాలి, బయటి ఊపిరి లోపలికి రానివ్వకూడదు. సీమ దేశాల్లో ఇప్పుడు ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు డబ్బా మూతకు చిన్న గొట్టం పెట్టి, అందులో నీళ్లు పోసి, ఆ నీళ్లలోంచి బుడగలు పోనిస్తారు. చైనాలో ఊరగాయ జాడీలకు అంచు చుట్టూ గాడి చేసి, అందులో నీళ్లు పోసి మూత బోర్లిస్తారు. జార్జియా దేశంలో పెద్ద మట్టి బానలను మెడ దాకా భూమిలో పూడ్చి, లోపల తేనెమైనం పూసి ద్రాక్షసారా పులియబెడతారు. 2013లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

మా ఇంట్లో యునెస్కో లేదు గాని అడ్డాకు ఉండేది. లేత ఆకు కాదు, ముదురాకు. సెగ మీద ఒక్కసారి వాడ్చి, రెండు పొరలు వేసి, అడ్డనారతో మెడ గాడిలో చుట్టేది. ముడి గట్టిగా కాదు, వదులుగా కాదు. లోపల వాయువు నిండితే ఆకు బుగ్గలా ఉబ్బేది. అంచు దగ్గర సన్నగా బుస్సుమని కొంచెం వదిలి మళ్లీ అణిగేది. అవ్వ ఆకు మీద అరచెయ్యి వేసి, ఇంకా పని జరుగుతోందో ఆగిందో చెప్పేది. మా బెలూను అదే.

కుండను మెడ దాకా నింపకపోవడం ఇంకో నియమం. మెడ కింద జానెడు ఖాళీ. నురగ లేచినప్పుడు ఆకును తాకకూడదు. తాకితే ఆకు కుళ్లుతుంది, ఈగ చేరుతుంది.

ఈ వదులు మూతి నియమం మేము మరిచిపోయిన రోజు ఒకటి ఉంది. చెప్పుకోదగ్గ పని కాదు, అయినా చెబుతాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాయవరంలో ఒక తోటి మాస్టారు జీలుగు కల్లు రుచి చూడాలని ముచ్చటపడితే, పండుగ సెలవులకు వెళ్లి ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చాం. మా మామ "మూత బిగించకురా" అన్నాడు. బస్సులో ఒలుకుతుందని బిగించాం. ఘాట్ దిగేసరికి డబ్బా పొట్ట బంతిలా అయింది. రంపచోడవరం దాటాక మూత తుపాకీ గుండులా ఎగిరి బస్సు కప్పుకు తగిలింది. మిగతాది మీరే ఊహించుకోండి. డిప్లొమా చదివిన మాకన్నా బడి ముఖం చూడని మామకు వాయుపీడనం బాగా తెలుసు.

ధాన్యంతో కాచే పానీయానికి ఈ జాగ్రత్తలు ఇంకా ఎక్కువ కావాలి. చెట్టు కల్లులో చక్కెర సిద్ధంగా ఉంటుంది, కొన్ని గంటల్లో పులుస్తుంది. బియ్యంలో, సోళ్లలో ఉండేది పిండి. దాన్ని ముందు చక్కెరగా మార్చాలి. చింతూరు అవతల బస్తర్, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో లంద చేస్తారు. ఇంగ్లీషువాడు బీరు అనేదానికి మన అడవుల్లో సరైన చుట్టం అదే. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, నీళ్లు కలిపి, మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్న పొడి చేర్చి కుండలో పెడతారు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా విరుస్తాయి. బార్లీ మొలకలతో బీరు కాచేవాళ్లు చేసేదీ ఇదే. కొన్ని రోజులు పట్టే పని కనుక కుండలో లోపం ఉంటే బయటపడటానికి బోలెడు వ్యవధి. చలికాలంలో పొయ్యి పక్కన, ఎండాకాలంలో నీడన. మట్టికుండ చెమర్చి తనను తాను చల్లబరచుకుంటుంది. స్టీలు బిందె ఆ పని చేయలేదు.

ఇప్పపువ్వు సంగతి వేరు. అక్కడ రెండు పనులున్నాయి. పువ్వు నానబెట్టి పులియబెట్టే కుండకు ఊపిరి ఉంచాలి. తర్వాత దాన్ని పొయ్యికెక్కించి ఆవిరి పట్టేటప్పుడు అతుకుల్లో చీమ దూరే సందు కూడా ఉండకూడదు. అందుకే తడిగుడ్డ చుట్టి మెత్తటి మట్టి మెత్తుతారు. ఒకే మట్టి, ఒకే కుండ, రెండు వ్యతిరేక నియమాలు. ఈ తేడా చెప్పగలిగిన పిల్లవాడికి రసాయనశాస్త్రంలో సగం అర్థమైనట్టే.

కోనసీమలో పనిచేస్తూ మేము గమనించింది ఇంకొకటి ఉంది. ఇక్కడి ఇళ్లలోనూ ఈ విద్య ఉంది. ఆవకాయ జాడీకి వాసెన కడతారు. ఆ గుడ్డ గాలి ఆడనిస్తుంది, పురుగును ఆపుతుంది. వెనకటి తరం వాళ్లు తరవాణి కుండ గురించి ఎంత ముచ్చటగా చెబుతారో! అన్నమూ గంజీ పులిసే ఆ కుండను పూర్తిగా ఖాళీ చేయకుండా, పాత పులుపు మీదే కొత్త గంజి పోసేవారట. మా అవ్వ మడ్డి ఉంచినట్టే. గీత కార్మికుల లొట్టి సరే సరి. తియ్యటి కల్లు కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, పులిసింది కావాలంటే పూయరు. ఎంత సూటి రసాయనం! తరవాణి కుండ కోసం ఏ అధికారీ ఏ వంటింట్లోకీ రాలేదు. మా కుండ కోసం వచ్చారు. చరిత్ర అక్కడ మొదలవుతుంది.

రాయవరానికి దగ్గర్లోని సామర్లకోటలో 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు తోట పెంచుతూ ఈ తీరపు మొక్కల గురించి రాశాడు. జీలుగు చెట్టును గురించి రాస్తూ, మంచి చెట్టు ఒక పగలూ రాత్రీ కలిసి నూరు పైంట్లు, అంటే దాదాపు యాభై లీటర్ల కల్లు ఇస్తుందని తాను విన్నట్టు చెప్పాడు. ఆయన చూసింది మొక్కను. ఆయన తర్వాత వచ్చిన దొరలు అదే చెట్టులో రాబడిని చూశారు.

మా వాళ్లకు జీలుగు వట్టి కల్లు చెట్టు కాదు. తిండి దొరకని నెలల్లో దాని బోదెలోని పిండి కూడా తిన్నారు. కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేసిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ కూడా మా బతుకులో ఈ చెట్టు స్థానాన్ని గుర్తించాడు. అలాంటి చెట్టుకు కుండ కట్టుకోవడం రంప దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేని పని. 1870లలో అది మారింది. కొత్త ఆబ్కారీ నియమాల కింద ఇంటి వాడకానికి కూడా ఊరికే కల్లు తీయకూడదన్నారు. కల్లు రాబడిని గుత్తేదార్లకు అప్పజెప్పారు. వాళ్లు చిగురు పన్ను అడిగారు. రంప మన్సబ్‌దారు దాని మీద తన వాటా వేసుకున్నాడు. అంతకుముందే మైదానం వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి కొండవాళ్ల పశువులూ పంటలూ పట్టుకుపోతున్నారు. మూతి బిగించిన కుండ ఏమవుతుందో పైన చెప్పాం.

1879 మార్చిలో రంప ఫితూరీ లేచింది. బోదులూరు అంబుల్‌రెడ్డి, కారం తమ్మన్నదొర, ద్వారబందాల చంద్రయ్య దాని నాయకులు. పోలీసు ఠాణాల మీద పడ్డారు. అడ్డతీగల ఠాణా తగలబడింది. నెలల్లోనే అది విశాఖ వైపు గొలుగొండకూ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. అణచడానికి మద్రాసు ప్రభుత్వం పటాలాలు దింపవలసివచ్చింది. చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో చంపబడ్డారు. మన్సబ్‌దారును తొలగించి, ముఠాదారులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని పన్నుల మీద తిరుగుబాటు అని ఒక్క ముక్కలో తేలుస్తాయి. నిజమే. కాని ఆ పన్ను వేసింది చిగురు మీద, పడింది ప్రతి ఇంటి కుండ మీద. ఉపాధ్యాయ మిత్రులు ఈ రెండో ముక్క కూడా చెబితే పిల్లలకు ఆ తిరుగుబాటు తమ ఇంటిదిగా తోస్తుంది.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. అందులో సారా మాత్రమే కాదు, సారా తయారీకి ఉంచుకున్న పాత్రా పరికరమూ కూడా నేరంలో భాగమే. మన రాష్ట్రపు 1968 ఎక్సైజ్ చట్టంలోనూ ఆ మాట ఉండిపోయింది. దాడి జరిగితే ముందు పగిలేది కుండ. కుండే సాక్షి, కుండే ముద్దాయి. మా చిన్నతనంలో ఖాకీ చొక్కా కనబడగానే కుండను వాగు పొదల్లో దాచడం చూశాం. దాచిన కుండ మూతి సరిగ్గా కట్టడం ఎవరికి కుదురుతుంది? దాచిపెట్టి చేసే పనిలో శుభ్రం పోతుంది. శుభ్రం పోయాక విద్య పోతుంది. సంత కుండ స్థానంలో ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, అది పగలదు, మోయడం తేలిక, విసిరి పారిపోవచ్చు.

ఇందులో రెండో వైపు కూడా రాయాలి. 1922లో ఆయుధం పట్టక ముందు అల్లూరి సీతారామరాజు మన్యంలో చెప్పిన మొదటి మాటల్లో తాగుడు మానమన్నది ఒకటి. మన పెద్దలు ఆయన మాట విన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం రెండేళ్లకే సడలింది. ఆ ఆడవాళ్ల కోపం న్యాయమైనది. వాళ్లు కొట్లాడింది వేలంపాటలో అమ్మిన సారా ప్యాకెట్ల మీద. ఇంటి కుండకూ అమ్మకపు ప్యాకెట్టుకూ తేడా ఉందని 1975లో కేంద్ర ప్రభుత్వమే గుర్తించింది. గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపాలనీ, ఇంటి వాడకానికి సంప్రదాయ పానీయం చేసుకోనివ్వాలనీ రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వాలంది. కుండ ఉండాలా వద్దా అన్నది మన సభలో మనం తేల్చుకోవలసిన సంగతన్నమాట. ఎన్ని సభల్లో ఆ చర్చ జరిగిందో మీ ఊరి వరకు మీరే చూసుకోండి.

ఆ చర్చ జరిగే లోపల ఒక హెచ్చరిక మాత్రం ఆగదు. ఇప్పుడు గూడేల్లో పులియబెట్టడానికి పురుగుమందు డబ్బాలు, ఇంజను ఆయిలు డబ్బాలు కడిగి వాడటం చూస్తున్నాం. ఆ వాసన ఎంత కడిగినా పోదంటే విషమూ పోలేదనే అర్థం. కళాయి లేని ఇత్తడి, రాగి కూడా అంతే. పులుపు తగిలితే చిలుము కరిగి కడుపులోకి పోతుంది. జింకు పూత బకెట్టూ పనికిరాదు. చింతపండు పులుసు ఇత్తడి గిన్నెలో ఉంచకూడదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ తెలివినే ఇక్కడ వాడాలి. పోలవరం ముంపులో ఊళ్లు వదిలి కాలనీల్లోకి వచ్చిన మా చుట్టాల ఇళ్లలో జీలుగు చెట్టూ లేదు, కుండా లేదు. అక్కడి కుర్రాళ్లకు ఆకు మూతి సంగతి చెబితే ఫోనులోంచి తల ఎత్తి, నమ్మనట్టు చూశారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అవ్వ కుండ ఒకటి దొడ్లో దొరికింది. పుల్లబడ్డ కుండ కావడంతో కోడి పొదగడానికి వదిలేసింది, అందుకే దాడులకు పగలకుండా మిగిలింది. మూతి అంచు ఒక చోట విరిగింది. గడ్డి దులిపి, గుడ్డలో చుట్టి రాయవరం తెచ్చాం. బస్సులో ఈసారి ఏమీ పేలలేదు.

బడిలో మళ్లీ అదే పాఠం పెట్టాం. కుండలో పంచదార నీళ్లు, ఈస్టు. రాయవరంలో అడ్డాకు దొరకదు. ఆ వెనక బెంచీ పిల్లవాడే ఇంటి దొడ్లోంచి అరిటాకు కోసుకొచ్చాడు. సెగ మీద ఎలా వాడ్చాలో మేము చూపిస్తే, తాడు ఎలా వేయాలో వాడు మాకు చూపించాడు. లొట్టి ముడి అట, లాగితే ఊడుతుంది, ఊరికే ఊడదు. అంచు విరిగిన చోటు నుంచి వాయువు పోతూనే ఉంది కాబట్టి ఆకు పెద్దగా ఉబ్బలేదు. పిల్లలు నిరాశపడ్డారు. వాడు మాత్రం వంగి కుండకు చెవి ఆనించాడు. కాసేపు విని, మిగతా వాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి వినిపించడం మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బడి గంట కొట్టినా వరస ఇంకా తెగలేదు.